హీటర్ కోర్ సెట్టు: డ్యాష్‌బోర్డు ఒక్కసారే విప్పాలనుకున్నవారి సమీక్ష

కారు హీటర్ కోర్ లీకైనప్పుడు ఇంటి దగ్గరే మార్చుకోవడానికి వీలుగా, కావలసిన విడిభాగాలన్నీ ఒకే పెట్టెలో పెట్టి అమ్మే సెట్టును ఎనిమిది నెలల క్రితం కొన్నాను. నేనూ మా తమ్ముడూ కలిసి రెండు రోజులు శ్రమించి దానిని బిగించాము. అప్పటినుంచి ఆ కారు రోజూ తిరుగుతూనే ఉంది కనుక, ఈ సెట్టు మంచిచెడ్డలను ఇప్పుడు తొందరపాటు లేకుండా చెప్పగలనని అనుకుంటున్నాను. ఇది కారు కంపెనీ ఇచ్చే అసలు భాగం కాదు. అవే కొలతలతో బయటి సంస్థ తయారుచేసినది. పెట్టెలో అల్యూమినియం కోర్, దానికి తగిలించే రెండు పైపులు, ఆ పైపుల కీళ్ల వద్ద లీకు కాకుండా పెట్టే ఓ-రింగులు (గుండ్రని రబ్బరు వలయాలు), కీళ్లను పట్టి ఉంచే లోహపు పట్టీలు, రెండు హోసు క్లిప్పులు, అంటించుకునే స్పాంజి పట్టీ చుట్ట, మడతపెట్టిన సూచనల కాగితం ఉన్నాయి.

హీటర్ కోర్ నిజానికి ఒక చిన్న రేడియేటర్. ఇంజిన్‌లో వేడెక్కిన కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) రెండు రబ్బరు హోసుల ద్వారా ఫైర్‌వాల్ (ఇంజిన్ గదికీ క్యాబిన్‌కూ మధ్య గోడ) దాటి దీనిలోకి వచ్చి తిరిగి పోతుంది. బ్లోయర్ తోసే గాలి దీని రెక్కల సందుల్లోంచి పోతూ వేడెక్కి క్యాబిన్‌లోకి వస్తుంది. నిర్మాణంలో ఇంత సులువైన ఈ భాగాన్ని చాలా కార్లలో డ్యాష్‌బోర్డు వెనుక, ఎ.సి. గాలిని చల్లబరిచే ఎవాపరేటర్ ఉండే ప్లాస్టిక్ పెట్టెలోనే అమర్చుతారు. అందువల్ల కోర్‌ను తీసి మరొకటి పెట్టడానికి పది నిమిషాలు పడితే, దాని దగ్గరికి చేరడానికి ఒక రోజు పడుతుంది. అంతా బిగించాక ఒక ఓ-రింగు చెమ్మగిల్లినా, ఒక పైపు సరిగా కూర్చోకపోయినా ఆ శ్రమంతా మళ్లీ మొదటినుంచి పడవలసిందే. కాబట్టి ఈ పెట్టెలోని ప్రతి వస్తువునూ నేను ఒకే ప్రశ్నతో పరీక్షించాను: దీనివల్ల డ్యాష్‌బోర్డును రెండోసారి విప్పవలసి వస్తుందా, రాదా?

సెట్టు కొనే ముందే లీకు కోర్‌దేనని తేల్చుకోవాలి. మా కారులో మొదట ముందు అద్దం లోపలివైపు జిడ్డు పొర కనిపించింది. ఎంత తుడిచినా గాలిని అద్దం మీదికి మళ్లించగానే మళ్లీ పట్టేది. ఆ తరువాత క్యాబిన్‌లో తియ్యటి వాసన మొదలైంది. కూలెంట్ ట్యాంకులో మట్టం వారం వారం తగ్గుతున్నా కారు కింద నేల మీద ఒక్క చుక్కా కనిపించేది కాదు. చివరికి ముందు సీటు దగ్గర కార్పెట్ తడిసింది. అయితే కార్పెట్ తడిని మాత్రమే చూసి నిర్ణయానికి రాకూడదు, ఎందుకంటే ఎ.సి. నీరు బయటికి పోయే గొట్టం పూడుకుపోయినా సరిగ్గా అదే చోట తడుస్తుంది. ఎ.సి. నీటికి రంగు ఉండదు, వేళ్ల మధ్య రుద్దితే మామూలు నీటిలాగే ఉంటుంది. కూలెంట్ అయితే రంగుతో ఉండి, జిగటగా జారుతుంది. రుచి మాత్రం ఎప్పుడూ చూడకూడదు. కూలెంట్‌లో ఎక్కువగా వాడే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉన్నా మూత్రపిండాలను దెబ్బతీసే విషం. ఆ తీపి వల్లనే పిల్లలకూ పెంపుడు జంతువులకూ ప్రమాదం ఎక్కువ.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ ట్యాంకు మూత స్థానంలో చేతి పంపు బిగించి, మూత మీద రాసిన ఒత్తిడి వరకు, అంటే మా కారుకు 1.1 బార్ వరకు ఎక్కించి అరగంట వదిలేశాను. పంపు ముల్లు మెల్లగా దిగింది. ఇంజిన్ గదిలో ఏ కీలు వద్దా తడి లేదు కానీ, హీటర్ పెట్టె అడుగున పెట్టిన తెల్ల కాగితం మీద రంగు మరక పడింది. ఆ మరక చూశాకే సెట్టు కోసం డబ్బు ఖర్చుపెట్టాను. ఈ పరీక్ష లేకుండా డ్యాష్‌బోర్డు మీద స్పానర్ పెట్టవద్దని గట్టిగా చెబుతాను.

ఇక కోర్ సంగతి. సెట్టులో అన్నిటికంటే మంచి వస్తువు ఇదే. పాతదాని పక్కన పెట్టి వెర్నియర్ కాలిపర్‌తో పొడవు, వెడల్పు, మందం కొలిస్తే తేడా అర మిల్లీమీటరు కూడా లేదు. కోర్ చివరి ట్యాంకుకూ దాని సన్నని గొట్టాలకూ మధ్య అతుకు అంచు పొడవునా ఒకే తీరుగా ఉంది, రెక్కలు వంగలేదు, లోపల లోహపు పొడి రాలలేదు. అయినా కంటి చూపును నమ్మి బిగించలేదు. ఒక పైపును రబ్బరు బిరడాతో మూసి, రెండో దానినుంచి సైకిల్ పంపుతో సుమారు 1 బార్ గాలి ఎక్కించి, కోర్‌ను నీళ్ల బకెట్‌లో ముంచి పావుగంట చూశాను. ఒక్క బుడగ రాలేదు. కొత్త వస్తువుకు పరీక్ష ఎందుకని అనిపించవచ్చు. దారిలో పెట్టె కింద పడితే అల్యూమినియం అతుకులో వెంట్రుకవాసి చీలిక రావచ్చు. అది కంటికి కనిపించదు, బకెట్‌లో కనిపిస్తుంది.

పైపుల విషయంలో అంత తృప్తి కలగలేదు. కోర్ లోపలికి వచ్చే పైపు సరిగ్గా కుదిరింది. బయటికి పోయే పైపు వంపులో స్వల్పమైన తేడా ఉండడంతో, దాని చివర ఫైర్‌వాల్ రంధ్రం మధ్యకు కాకుండా ఒక పక్కకు ఒరిగి నిలిచింది. చేత్తో లాగి సరిపెట్టవచ్చు. తొందరలో ఉన్నవారు చేసేది కూడా అదే. కానీ అలా లాగి పెట్టిన పైపు తన పాత వంపుకు తిరిగి పోవాలని కీలు మీద నిరంతరం ఒత్తిడి తెస్తూ ఉంటుంది, ఆ ఒత్తిడిని మోయవలసింది ఓ-రింగు. అందుచేత కోర్‌ను మళ్లీ బయటికి తీసి, రెండు కీళ్ల పట్టీలనూ వదులు చేసి, పైపులు వాటంతట అవి రంధ్రాల్లో కూర్చున్నాక మాత్రమే పట్టీలు బిగించాను. సూచనల కాగితంలో వరుస దీనికి విరుద్ధంగా ఉంది: పైపులను బయటే పూర్తిగా బిగించి, ఆ తరువాత కోర్‌ను పెట్టెలోకి దించమని చెప్పింది. మా కారులో ఆ వరుస పాటిస్తే పైపు తప్పకుండా ఒరిగే ఉండేది.

ఓ-రింగుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పని రెండోసారి చేయవలసి రావడానికి అవి ఒక ముఖ్య కారణం అవుతాయి. కూలెంట్ కీళ్లకు సాధారణంగా ఇ.పి.డి.ఎమ్. అనే రకం రబ్బరుతో చేసిన ఓ-రింగులు వాడతారు. అది వేడి నీటినీ గ్లైకాల్‌నూ బాగా తట్టుకుంటుంది కానీ పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. ఓ-రింగు తేలికగా జారాలని ఇంజిన్ ఆయిలో గ్రీజో పూయడం చాలామందికి అలవాటు. ఇక్కడ ఆ అలవాటే కీలును చెడగొడుతుంది. నేను కొత్త కూలెంట్‌లోనే ముంచి పెట్టాను. ఎ.సి. గొట్టాలకు వాడే ఆకుపచ్చ ఓ-రింగులు వేరే రకం రబ్బరువి. ఇంటి డబ్బాలో దాదాపు అదే కొలతలో దొరికినా ఇక్కడ వాడకూడదు. సెట్టులో ఇచ్చిన రింగులు నల్లగా, మెత్తగా, అంచున అచ్చు గీత తెలియనంత నునుపుగా ఉన్నాయి. కీలుకు ఒకటి చొప్పున కాక రెండు అదనంగా కూడా ఇచ్చారు. ఒకదానిని తోసేటప్పుడు గాడి అంచు తగిలి గీత పడడంతో ఆ అదనపు రింగు అప్పుడే పనికొచ్చింది. ఈ ముందుచూపుకు తయారీదారును మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను.

స్పాంజి పట్టీ మాత్రం నన్ను నిరాశపరిచింది. కోర్ చుట్టూ స్పాంజి ఉండడం అలంకారం కోసం కాదు. పెట్టెకూ కోర్ అంచుకూ మధ్య సందు మిగిలితే బ్లోయర్ గాలి అడ్డులేని ఆ దారినే పోతుంది, రెక్కల గుండా పోయే గాలి తగ్గుతుంది, హీటర్ గోరువెచ్చగా మిగిలిపోతుంది. కొత్త కోర్ వేసినా వేడి రావడం లేదని బాధపడేవారు చూడవలసిన మొదటి చోట్లలో ఇది ఒకటి. పాత కోర్ మీది స్పాంజి నలిగిపోయి కూడా సుమారు 6 మిల్లీమీటర్ల మందం ఉంటే, సెట్టులోనిది కొత్తగా ఉండి 3 మిల్లీమీటర్లే ఉంది. పొడవు కూడా కోర్ నాలుగు వైపులా చుట్టడానికి చాలలేదు. పైగా అది నీటిని పీల్చుకునే రకం. అటువంటి స్పాంజి చెమ్మను పట్టి ఉంచి వాసన పుట్టిస్తుంది. దానిని పక్కన పెట్టి, నీరు పీల్చని గట్టి స్పాంజి పట్టీని విడిగా కొని రెండు పొరలుగా అంటించాను. కోర్ గాడిలోకి దిగేటప్పుడు చేతికి కొద్దిగా బిగుతు తెలియాలి. అటూ ఇటూ కదిలితే స్పాంజి చాలలేదని అర్థం.

క్లిప్పులనూ నేను వాడలేదు. సెట్టులోనివి స్క్రూ తిప్పి బిగించేవి. మా కారుకు మొదటినుంచీ ఉన్నవి స్ప్రింగు క్లిప్పులు. రబ్బరు హోసు వేడికి ఉబ్బి, చల్లారాక కుంచించుకుపోతుంది. స్ప్రింగు క్లిప్పు ఆ మార్పును అనుసరిస్తూ ఎప్పుడూ ఒకే తీరున పట్టి ఉంచుతుంది. స్క్రూ క్లిప్పు బిగించిన చోటే నిలుస్తుంది కనుక కొంతకాలానికి వదులవుతుంది, లేదా మొదటే అతిగా బిగిస్తే పలుచని అల్యూమినియం పైపును నొక్కేస్తుంది. పాత స్ప్రింగు క్లిప్పులు తుప్పు పట్టకుండా, బలం తగ్గకుండా ఉంటే వాటినే తిరిగి వాడడం మేలు. హోసుల చివరలు గట్టిపడి చిట్లితే మాత్రం వాటిని కూడా ఈ సందర్భంలోనే మార్చాలి. పాత హోసు పైపుకు అతుక్కుపోయి రాకపోతే మెలితిప్పి లాగవద్దు, పొడవునా కోసి ఒలిచేయండి.

సూచనల కాగితం ఈ సెట్టులోని అతి పెద్ద లోపం. దానిలో కోర్ బొమ్మ, బాణం గుర్తులు తప్ప ఎయిర్‌బ్యాగ్ ప్రస్తావనే లేదు. డ్యాష్‌బోర్డు విప్పడమంటే ముందు సీట్ల రెండు ఎయిర్‌బ్యాగుల తీగల మధ్య చేతులు పెట్టడం. బ్యాటరీ నెగటివ్ కేబుల్ విప్పి, కారు సర్వీసు పుస్తకంలో చెప్పినన్ని నిమిషాలు ఆగిన తరువాతే పసుపు రంగు కనెక్టర్లను ముట్టుకోవాలి. తీసిన ఎయిర్‌బ్యాగ్‌ను ఉబ్బే వైపు పైకి ఉండేలా, దాని మీద ఏ బరువూ పెట్టకుండా విడిగా ఉంచాలి. స్టీరింగ్ రాడ్డును విప్పేటప్పుడు చక్రాలు నిటారుగా ఉంచి స్టీరింగ్ తిరగకుండా కట్టివేయాలి. అది విడిగా తిరిగితే లోపలి క్లాక్ స్ప్రింగు (తిరిగే స్టీరింగ్‌లోని ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటు అందించే తీగ చుట్ట) తెగిపోతుంది. ఇవి తెలియకపోతే ప్రాణానికే హాని జరగవచ్చు. ఇంటి దగ్గర బిగించుకోవచ్చని పెట్టె మీద అచ్చువేసే తయారీదారు ఈ నాలుగు మాటలను లోపలి కాగితంలో రాయకపోవడం బాధ్యత గల పని కాదు. మీ కారు మోడల్‌కు చెందిన సర్వీసు పుస్తకం చేతిలో లేకపోతే ఈ పని మొదలుపెట్టకండి.

అదే పుస్తకంలో చూసుకోవలసిన మరో విషయం ఎ.సి. గొట్టాలు. మా కారులో డ్యాష్‌బోర్డు తీశాక కోర్‌ను ప్లాస్టిక్ పెట్టె పక్కనుంచి లాగవచ్చు కనుక ఎ.సి.ని ముట్టుకోలేదు. కొన్ని కార్లలో పాదాల దగ్గరి మూత తీస్తే చాలు, డ్యాష్‌బోర్డు జోలికే పోనక్కరలేదు. మరికొన్నింటిలో పెట్టె మొత్తాన్ని బయటికి తీస్తే గానీ కోర్ రాదు; అప్పుడు ఎ.సి. గ్యాసును గాలిలోకి వదలకుండా తగిన యంత్రం ఉన్నవారి చేత ముందే తీయించాలి. మీ కారు ఈ మూడో రకమైతే ఆ భాగం పనిని ఇంట్లో చేయవద్దన్నదే నా అభిప్రాయం.

స్క్రూలను తీసిన వరుసలోనే వేరువేరు సంచుల్లో వేసి, సంచి మీద చోటు పేరు రాసుకున్నాము. ప్రతి కనెక్టర్‌నూ విప్పే ముందు ఫోటో తీశాము. డ్యాష్‌బోర్డును ఎత్తేటప్పుడు రెండో మనిషి తప్పనిసరిగా కావాలి. ఒక్కరే లాగితే ఎక్కడో మిగిలిన తీగ తెగుతుంది. మాకు అలా ఒక తీగ మిగిలే ఉంది, మా తమ్ముడు అవతలివైపునుంచి చూసి ఆపాడు.

కోర్ ఎందుకు చిల్లుపడిందో తెలుసుకోకుండా కొత్తది వేస్తే దానికీ అదే గతి పడుతుంది. మా పాత కోర్‌లో గొట్టమూ ట్యాంకూ కలిసే అంచు వద్ద సూదిమొనంత రంధ్రం ఉంది. పాత కూలెంట్ తీసేయకముందే మల్టీమీటర్ నెగటివ్ తీగను బ్యాటరీ నెగటివ్‌కు తగిలించి, రెండో తీగ మొనను లోహానికి తగలకుండా కూలెంట్‌లో ముంచి చూస్తే 0.4 వోల్టులు చూపింది. సాధారణంగా 0.1 వోల్టు లోపు ఉంటే మంచిదని, 0.3 దాటితే అల్యూమినియానికి హాని అని భావిస్తారు. కారులో అన్నీ ఆపి ఉంచినా అంత చూపితే కూలెంట్‌లోని తుప్పు నిరోధకాలు అయిపోయాయని అనుకోవాలి. లైట్లో బ్లోయరో వేయగానే పెరిగితే ఎక్కడో ఎర్తు తీగ సరిగా లేదని అర్థం. మాది మొదటి రకం. వ్యవస్థ మొత్తాన్ని శుభ్రమైన నీటితో కడిగి, కారు పుస్తకం చెప్పిన రకం కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం కలిపి పోశాక 0.1 లోపుకు వచ్చింది. కూలెంట్ రకాన్ని రంగు చూసి నిర్ణయించవద్దు. అన్ని సంస్థలూ పాటించే రంగుల నియమం ఏదీ లేదు. లీకు ఆపుతామని చెప్పే పొడులనూ ద్రవాలనూ కొత్త కోర్‌లోకి పంపవద్దు, ఆ సన్నని గొట్టాలే మొదట పూడుకుపోతాయి.

డ్యాష్‌బోర్డును తిరిగి ఎక్కించే ముందు వ్యవస్థను నింపి, మళ్లీ 1.1 బార్ ఎక్కించి గంటసేపు చూశాము. ముల్లు కదలలేదు. ఆ గంట ఆగడం విసుగనిపించినా, ఆ తరువాతి పనినంతా నిశ్చింతగా చేయగలిగాము. గాలిని బయటికి పంపడానికి కారు ముందు భాగాన్ని ఎత్తులో నిలిపి, హీటర్‌ను గరిష్ఠ వేడికి పెట్టి, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే కవాటం) తెరుచుకునే వరకు ఇంజిన్‌ను నెమ్మదిగా నడిపించాము. ఫైర్‌వాల్ వద్ద రెండు హోసులూ దాదాపు సమానంగా వేడెక్కితే కూలెంట్ కోర్‌లో తిరుగుతున్నట్టు. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే గాలి చిక్కుకుంది, లేదా దారి మూసుకుంది. మొదటి రోజు డ్యాష్‌బోర్డు వెనుక నీళ్లు గలగలమన్న శబ్దం వినిపించింది. రెండోసారి చల్లారాక మట్టం నింపితే ఆగిపోయింది. ఇంజిన్ వేడిగా ఉండగా మూత తీయకూడదు. ఒత్తిడిలో ఉన్న కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉండి, మూత వదులైన క్షణంలో ఎగజిమ్ముతుంది.

కార్పెట్ కింది స్పాంజిలోకి ఇంకిన కూలెంట్‌ను తీయడానికి మరో సాయంత్రం పట్టింది. పైపైన తుడిస్తే అద్దం మీద జిడ్డు మళ్లీ వస్తూనే ఉంటుంది. గ్లైకాల్ నీటిలో కరుగుతుంది కనుక గోరువెచ్చని నీరు పోసి వాక్యూమ్‌తో లాగడం, రంగు పోయేవరకు మళ్లీ మళ్లీ చేయడం మంచి పద్ధతి. కొన్ని కార్లలో కార్పెట్ కింద ఎలక్ట్రానిక్ పెట్టెలు ఉంటాయి. ముందుగా వాటిని చూసుకోవాలి.

ఈ ఎనిమిది నెలల్లో కూలెంట్ మట్టం గీత దాటి తగ్గలేదు. కోర్ వేసిన వారంలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ముందు గాలి ద్వారం దగ్గర థర్మామీటర్ 58 డిగ్రీలు చూపింది. నిన్న చూసినా అంతే ఉంది. సెట్టుకు 5 మార్కులకు 3.5 ఇస్తున్నాను. కోర్‌కూ ఓ-రింగులకూ పూర్తి మార్కులు ఇచ్చి, కాగితానికి ఒక మార్కు, స్పాంజికీ పైపు వంపుకూ కలిపి అర మార్కు తగ్గించాను. క్లిప్పులు మా కారు హోసులకు నప్పలేదు కానీ అసలు క్లిప్పులే స్క్రూ రకమైన కార్లకు అవి సరిపోవచ్చు కనుక వాటికి మార్కులు కోయలేదు. దీనిని కొనేవారు నీరు పీల్చని స్పాంజి పట్టీని కూడా అప్పుడే కొని పెట్టుకోవాలి. డ్యాష్‌బోర్డు విప్పి నేల మీద పెట్టాక దాని కోసం వెతుక్కుంటూ మేము సగం రోజు పోగొట్టుకున్నాము.